మెడకండరముల మర్దనము: అందలి మేలును కీడును
(పురపాలక, తాలూకా కార్యాలయముల యుద్యోగులకై చేయబడిన యుపన్యాసము యొక్క పాఠము)



మెడ పట్టినదనియు, భుజములు లాగుచున్నవనియు చెప్పికొనని గుమాస్తా కచ్చేరీలలో అరుదు. మనుష్యుని తల బరువు సుమారు 5 కిలోలు. తల నిటారుగా నున్నంతసేపు ఈ బరువు వెన్నుపూసలమీద నిలుచును. దస్తావేజుపైకి గాని, చేతిలోని సెల్‌ఫోనుపైకి గాని వంగినతోడనే మెడ వెనుకనున్న కండరములు దానిని పట్టి యాపవలసివచ్చును. నీళ్లు నిండిన చేదను తోడకయు విడువకయు పట్టుకొని నిలిచినవాని చేయి ఎట్లు తిమ్మిరెక్కునో, గంటలకొలది బిగిసియున్న యీ కండరములు నట్లే నొచ్చును. కుట్టుపనివారికి, నేతపనివారికి, నెత్తిపై మూటలు మోయు కూలీలకు, నాట్లు వేయు స్త్రీలకు ఈ బాధ గుమాస్తాలకన్న నెక్కువయే గాని తక్కువ కాదు. వారు చెప్పికొనరు, అంతే భేదము.

ఈ బాధకు ఊరిలో దొరకు మొదటి చికిత్స క్షౌరశాలలో దొరకును. క్షౌరము ముగిసిన పిమ్మట తలకు మాలీషు, మెడకు రెండు గుద్దులు, చివర గడ్డమును నెత్తిని పట్టి ఒక విఱుపు. ఇది పెక్కు అంగళ్లలో మర్యాదగా జరుగుచున్నది. దీనికి వేఱుగా పైక మడుగనివారును గలరు. ఈ యుపన్యాసము మర్దనమును నిషేధించుటకై యుద్దేశింపబడినది కాదు. మర్దనము వేఱు, విఱుపు వేఱు. అంగళ్లకు అనుమతిపత్రముల నిచ్చి, వానిని తనిఖీచేయు నుద్యోగులు ఈ రెంటికి గల భేదము నెఱిగియుండుట యావశ్యకము. ఏలయన, మొదటిదానివలన మనుష్యునకు ఒకపూట సుఖము కలుగును. రెండవదానివలన, అరుదుగానే యైనను, పక్షవాతము కలిగిన సందర్భములు గలవు.

మర్దనము మన దేశమునకు క్రొత్తవిద్య కాదు. అష్టాంగహృదయమునందలి దినచర్యాధ్యాయము అభ్యంగనమును నిత్యకృత్యముగా విధించి, తలకు, చెవులకు, పాదములకు విశేషముగా చేయుమని చెప్పుచున్నది. ఆ గ్రంథమే కఫము ప్రకోపించినవారికిని, అజీర్ణముతో నున్నవారికిని అభ్యంగనము కూడదని చెప్పుటయు గమనింపదగినది. ఎవరికి చేయవలెనో చెప్పిన శాస్త్రమే ఎవరికి చేయరాదో కూడ చెప్పినది. అంగడిలో నిలిచినది మొదటి భాగము మాత్రమే. పాశ్చాత్యదేశములకు సయితము ఈ విద్యయొక్క పేరు ఇక్కడినుండియే పోయినది. పాట్నాలో 1759లో జన్మించిన దీన్ మహమ్మద్ అను నాతడు ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణమున స్నానశాల నెలకొల్పి, ఆవిరిపట్టి శరీరమును పిసుకు చికిత్సకు ప్రసిద్ధి వహించెను. నాలుగవ జార్జిరాజునకును, నాలుగవ విలియమ్ రాజునకును మర్దనవైద్యుడుగా నియుక్తుడయ్యెను. నేడు సీసాలలో నమ్ముడుపోవు తలరుద్దు ద్రవమునకు గల షాంపూ అను పేరు, ‘ఒత్తుము’ అను నర్థముగల హిందీమాటనుండి పుట్టినదే.

ఇంగ్లండులో ఈ వృత్తి క్రమబద్ధమైన తీరు పురపాలకోద్యోగులు తెలిసికొనదగినది. 1894లో లండను నగరమునందలి మర్దనశాలలను గూర్చి అపవాదులు పుట్టినప్పుడు, రోగిపరిచర్యలో తరిఫీదుపొందిన నలుగురు స్త్రీలు ఒక సంఘముగా నేర్పడి, పరీక్షలును నియమములును ఏర్పఱచి, వైద్యుని యుత్తరువు లేనిది చికిత్స చేయరాదని కట్టుబాటు చేసికొనిరి. 1920లో ఆ సంఘమునకు రాజశాసనము లభించెను. 1944లో అది ఫిజియోథెరపీ సంఘమని పేరు మార్చుకొనెను. వృత్తికి గౌరవము పోలీసువారి దాడులవలన గాక, వృత్తిలోనివారి శిక్షణమువలన వచ్చినదనుట ఇందువలన స్పష్టము. మన దేశమున ఫిజియోథెరపీ మొదలగు వృత్తులవారి విద్యాప్రమాణములకై 2021లో కేంద్రచట్టము చేయబడినది. క్షౌరశాలలోని మర్దనము దానికి వెలుపల నున్నది.

ఇక మెడనిర్మాణము. మెడలో ఏడు వెన్నుపూసలు గలవు. మొదటి పూసపై తల ఆనియుండును. మొదటిదానికిని రెండవదానికిని నడుమ గల కీలువలననే తల ప్రక్కలకు తిరుగుటలో సుమారు సగము జరుగును. వెనుకవైపున పైపొరగా ట్రపీజియస్ అను వెడల్పయిన కండరము పుఱ్ఱె వెనుకనుండి బయలుదేరి మెడవెంట దిగి భుజముపైకిని వీపుపైకిని విస్తరించును. భుజముపై చేయి వేసి పిడికెడు పట్టినప్పుడు చేతికి వచ్చునది ఇదియే. దాని క్రింద పైనాలుగు పూసలనుండి ఱెక్కయెముక పైమూలకు దిగు లెవేటర్ స్కాపులే అను సన్నని కండరము గలదు. మెడ పట్టినదనువారు వ్రేలితో చూపుచోటు తఱచుగా ఈ మూలయే. పుఱ్ఱె యంచుక్రింద చిన్నచిన్న కండరములు జతలు జతలుగా నున్నవి. ఇవి బిగిసినయెడల నొప్పి తలవెనుకనుండి కన్నువఱకు ప్రాకినట్లు తోచును. ప్రక్కలను, చెవివెనుక యెముకనుండి రొమ్ముటెముకవఱకును జబ్బుటెముకవఱకును ఏటవాలుగా దిగునది స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ అను కండరము. తల ప్రక్కకు త్రిప్పినప్పుడు అద్దములో త్రాడువలె కనబడునది.

మర్దనము చేయువాడు కండరములనే యెఱిగిన చాలదు. ఏడు పూసలలో ఆఱవ పూస మొదలుకొని పైపూసల ప్రక్కరంధ్రములగుండ వెన్నుధమని అను రక్తనాళము ఇరువైపుల పైకి పోవును. మొదటిపూస దాటిన పిమ్మట అది ఒక వంపు తిరిగి, పుఱ్ఱెలో ప్రవేశించి, రెండవవైపుదానితో కలిసి, మెదడు వెనుకభాగమునకు రక్తము నిచ్చును. తల మిక్కిలి తిరుగుచోటునందే ఈ నాళము వంపు తిరిగియున్నది. ముందువైపున కంఠమణికి ఇరుప్రక్కల కంఠధమనులు గలవు. అవి రెండు శాఖలగుచోట రక్తపుపోటును కనిపెట్టు నాడీతంతువులున్నవి. అక్కడ గట్టిగా నొత్తినయెడల గుండె నెమ్మదించి, పోటు పడిపోయి, మనుష్యుడు మూర్ఛిల్లవచ్చును. ముసలివారిలో ధమనిగోడకు పట్టిన క్రొవ్వుపొర ఊడి మెదడునకు పోవు భయమును గలదు. అందుచేత మెడ ముందుభాగమును శిక్షణలేనివారు ముట్టకుండుటే నియమము. దీనికి మినహాయింపు లేదు.

సరియైన మర్దనమున నాలుగయిదు విధములైన చేష్టలు గలవు. వీనికి ఐరోపాలో నేడు వాడుకలోనున్న ఫ్రెంచి పేర్లు ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడైన మెజ్గర్ సంప్రదాయమునుండి వచ్చినవని చెప్పుదురు. మన భాషలో నిమురుట, పిసుకుట, రుద్దుట, తట్టుట అనిన చాలును. అంగడివానికి ఇవియే తెలియును.

మర్దనము చేయించుకొనువాడు బల్లయెదుట కూర్చుండి, బల్లపై దిండునుంచి, మడచిన చేతులపై నుదురు ఆనించి వంగవలెను. తలబరువు దిండుపై పడినప్పుడే మెడకండరములు వదులగును. తల నిలిపియుంచుకొని కూర్చున్నవానికి ఎంత పిసికినను కండరము బిగిసియే యుండును. అంగళ్లలో తఱచుగా జరుగు లోపము ఇదియే. గది చల్లగానున్నచో భుజములపై గుడ్డ కప్పవలెను. చేయువాడు గోళ్లు తీసికొని, ఉంగరములు తీసివేసి, సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. నువ్వులనూనె గాని, కొబ్బరినూనె గాని అఱచేతిలో చెంచాడు పోసి వెచ్చచేసికొన్న చాలును. నూనె మిక్కిలియైన చేయి జాఱును గాని కండరము చేతికి చిక్కదు.

మొదట రెండు అఱచేతులను పుఱ్ఱె యంచుక్రింద నుంచి, మెడ వెనుకవైపుగా దిగి, భుజాగ్రములవఱకు నెమ్మదిగా నిమురవలెను. రెండుమూడు నిమిషములిట్లు నిమిరినపిదప చర్మము వెచ్చనై, చేయించుకొనువాని ఊపిరి దీర్ఘమగును. అప్పుడు భుజము పైయంచునందలి కండరమును బొటనవ్రేలికిని తక్కిన వ్రేళ్లకును నడుమ పట్టి, పిండి మర్దించినట్లు ఎత్తి విడుచుచు, మెడమొదలినుండి భుజాగ్రమువఱకు పోవలెను. గిల్లరాదు, కండరమునంతయు చేతినిండ పట్టవలెను. పిమ్మట ఱెక్కయెముక పైమూలను బొటనవ్రేలితో వెదకి, అక్కడ గడిగట్టి నొచ్చుచోటు దొరకినయెడల, చర్మము కదలక లోపలికండరము కదలునట్లు చిన్న సున్నలుగా రుద్దవలెను. లేదా అరనిమిష మొత్తియుంచి మెల్లగా విడువవలెను. ఎంత గట్టిగా నొత్తవచ్చునని యడుగుదురు. చేయించుకొనువాడు ఊపిరి బిగబట్టినను, భుజము పైకెత్తినను ఒత్తుడు మించినదని యర్థము. కండరము నొప్పికి బెదరి మఱింత బిగియును. ‘గట్టిగా పిసికితేనే పట్టు వదులును’ అను లోకోక్తి యథార్థము కాదు.

పుఱ్ఱె యంచుక్రింది చిన్నకండరములకు రుద్దుటకన్న ఆనించుటయే మేలు. మనుష్యుని వెల్లకిల పరుండబెట్టి, చేయువాడు తలవైపున కూర్చుండి, రెండుచేతుల వ్రేళ్లకొనలను పుఱ్ఱె యంచుక్రింద చేర్చి, తలబరువును వ్రేళ్లపై నిలువనీయవలెను. ఒకటి రెండు నిమిషములలో కండరములు తామై వదులుటయు, తల అఱచేతులలోనికి దిగుటయు తెలియును. ఇందు త్రిప్పుట గాని లాగుట గాని లేదు. ఈ యొక్క చేష్ట సరిగా నేర్చిన క్షురకుడు విఱుపువలన వచ్చు సుఖమునకు తక్కువ కాని సుఖమును అపాయము లేకుండ ఇయ్యగలడు. చివర మరల నిమిరి, మనుష్యుడు తనంతట తాను మెడను కుడియెడమలకు నెమ్మదిగా త్రిప్పికొనవలెను. త్రిప్పవలసినది అతడే; చేయువాడు కాదు. మొత్తమునకు పదునైదు, ఇరువది నిమిషములు పట్టును.

వెన్నుపూసల గనుపులమీద గుద్దుట, మోచేతితో మెడపై నొత్తుట, యంత్రముతో మెడప్రక్కలను అదరించుట ఈ పద్ధతిలో లేవు.

ఇక విఱుపు. గడ్డమును ఒకచేత, నెత్తిని ఇంకొకచేత పట్టి, హఠాత్తుగా త్రిప్పినప్పుడు ‘టక్’ మని ధ్వని పుట్టును. పూస తప్పియుండి చోటికి వచ్చినదని జనుల నమ్మకము. కీలులోని జిగటద్రవమున ఒత్తిడి తగ్గి, వాయువుతోకూడిన బుడగవంటి ఖాళీ యేర్పడుటయే ఆ ధ్వనికి సంబంధించిన క్రియ. వ్రేలిమెటికలు విఱుచుచుండగా తీసిన చిత్రములవలన కెనడాలోని పరిశోధకులు 2015లో దీనిని కన్నులార చూపిరి. ధ్వని వచ్చుట చికిత్స జరిగినదనుటకు ప్రమాణము కాదు. అయితే ఆ త్రిప్పుటలో వెన్నుధమనియొక్క గాని, కంఠధమనియొక్క గాని లోపొర చీలవచ్చును. చీలినచోట రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు పోయినయెడల పక్షవాతము కలుగును. ఇది వెంటనే రావచ్చును. కొన్ని గంటలకు గాని, కొన్ని దినములకు గాని రావచ్చును. ఆలస్యముగా వచ్చుటచేతనే అంగడికిని రోగమునకును గల సంబంధము ఎవరికిని తట్టదు.

2024లో బళ్లారియందు ముప్పది యేండ్ల పనివాడొకడు క్షౌరశాలలో మెడ విఱిపించుకొని యింటికి పోయినపిమ్మట మాట తడబడి, ఎడమపార్శ్వము బలహీనమై, బెంగుళూరు ఆసుపత్రిలో చేర్పబడెననియు, కంఠధమని చీలినట్లు కనుగొనబడెననియు వార్తాపత్రికలలో వచ్చినది. అతడు రెండుమాసములలో కోలుకొనెను. 2017లో ఢిల్లీ ప్రాంతమున ఏబదినాలుగేండ్ల వానికి ఇట్టి విఱుపువలన ఊపిరిపొరను నడుపు నాడులు దెబ్బతిని శ్వాసయంత్రము వలసివచ్చెనని తెలియవచ్చినది. ఆ నాడులు మెడలోని మూడవ, నాలుగవ, అయిదవ పూసలచోటనుండి పుట్టును. విఱుపు లేకయే కీడు కలిగిన సందర్భములును గలవు. 1993లో న్యూయార్కు ప్రాంతపు నాడీవైద్యుడు వైంట్రాబ్, తల వెనుకకు వంచి తొట్టియంచుపై మెడ ఆనించి తలరుద్దించుకొన్న అయిదుగురు స్త్రీలకు వచ్చిన పక్షవాతమును వర్ణించెను. 2022లో హైదరాబాదునందును అట్టిదే యొకటి వెలువడినది. అందు రోగిని మొదట అజీర్ణమునకు చికిత్స చేసిరి.

ఇట్టి చీలికలు అరుదు. మెడనొప్పియే చీలికకు తొలిగుఱుతు గనుక, అప్పటికే చీలినవారు నొప్పికై విఱిపించుకొనుటయు కలదని కొందఱు వైద్యుల వాదము. 2014లో అమెరికా హృద్రోగసంఘము వారు సంబంధము కనబడుచున్నదనియు, కారణత్వము సిద్ధింపలేదనియు వ్రాసిరి. వాదము ఎట్లున్నను అంగడివిషయమున ఫలితము ఒక్కటియే: చీలియున్న మెడను విఱుచుట ఇంకను చెడ్డది.

మర్దనమువలని మేలును సయితము మించి చెప్పరాదు. 2014లో అమెరికాలో 228 మందిపై జరిగిన పరీక్షలో, గంటసేపు చొప్పున వారమునకు రెండుమూడు తడవలు శిక్షితులు మర్దించిన వారికి బాగుగా ఉపశమనము కలిగినది. అరగంట చేసినవారికి అంతగా లేదు. 2024లో అప్పటివఱకు జరిగిన పరీక్షలనెల్ల కూర్చి చూచిన కాక్రేన్ సమీక్షకులు మర్దనమువలన మెడనొప్పి కెంత మేలో నిశ్చయముగా చెప్పజాలమనిరి. కావున మర్దనము ఉపశాంతి గాని ఔషధము కాదు. గుమాస్తా మెడకు బల్లయెత్తు సరిచేయుటయు, అరగంట కొకసారి లేచి నడచుటయు ఇంతకన్న చవుక.

ఎవరికి మెడను ముట్టరాదనునది అంగడివారికి తెలియజేయవలసిన ముఖ్యవిషయము. జ్వరముతో మెడ బిగిసినవారు మెదడుపొరల వాపుతో నుండవచ్చును. చెట్టుమీదినుండియో, బండిమీదినుండియో పడినవారు, కీళ్లవాతము ముదిరినవారు, ఎముకలక్షయ, పుట్టకురుపు గలవారు, రక్తము పలుచబఱచు మందులు పుచ్చుకొనువారు, చేతులు తిమ్మిరెక్కి వస్తువులు జాఱవిడుచువారు, నడక తడబడువారు, వీరందఱు వైద్యునియొద్దకు పోవలసినవారే. మెడయు దవడయు ఎడమచేయియు కలిసి నొచ్చుచు చెమటలు పట్టువానికి మెడపట్టు కాదు. అది గుండెపోటు కావచ్చును. అట్టివానికి మాలీషు చేయుచు అంగడిలో కూర్చుండబెట్టిన ప్రతినిమిషమును నష్టమే.

ఉద్యోగులు చేయగలిగిన పనిలో మొదటిది, తనిఖీకి పోయినప్పుడు కత్తులశుభ్రతతోపాటు ఈ సంగతిని కూడ విచారించుట. క్షురకవృత్తిసంఘములవారిని పిలిపించి, సమీపపు ప్రభుత్వాసుపత్రిలోని ఫిజియోథెరపిస్టుచేత ఒకపూట పైచేష్టలను చూపించుట మేలు. వారిని నేరస్థులవలె మందలించుట తగదు. విఱుపు నడుగువారు అంగడికి వచ్చువారే. కాదన్నచో ప్రక్కయంగడికి పోదురు, నష్టము వృత్తివానికి. కాబట్టి ఊరిలోని యంగళ్లన్నింటికి ఒక్కమాఱే కట్టుబాటు చేయవలెను. ‘ఇచ్చట మెడ విఱువబడదు’ అని పెద్దయక్షరములతో పలక వ్రేలాడినయెడల, కాదని చెప్పు భారము క్షురకునిమీదినుండి పలకమీదికి పోవును. తలరుద్దు తొట్టెలుగల అంగళ్లలో మెడక్రింద మడచిన తువాలు నుంచవలెననియు, పెద్దవయస్సువారికి ముందుకు వంచియే తల కడుగవలెననియు చెప్పవలెను.

కీడు జరిగినచో గుఱుతులివి: ఇదివఱకెన్నడు నెఱుగని తీవ్రమైన మెడనొప్పి గాని తలవెనుక నొప్పి గాని, తలత్రిప్పుట, వాంతి, ఒకటి రెండుగా కనబడుట, మాట ముద్దయగుట, మ్రింగుడు పడకుండుట, ముఖము వంకరపోవుట, ఒక కనుఱెప్ప వాలుట, కాలుసేతులలో పట్టు తప్పుట. వీనిలో ఏ యొక్కటి కనబడినను రెండవసారి మెడ త్రిప్పి సరిచేయ జూడరాదు; సోడాయు మజ్జిగయు త్రాగింపరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 108 సంఖ్యకు ఫోనుచేసి, తలను చిత్రము తీయు స్కానుయంత్రముగల ఆసుపత్రికే పంపవలెను. గడ్డను కరగించు మందు లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపల ఇయ్యబడవలసినది. అందుచేత వెంటపోవువారు రెండు సంగతులను చీటిపై వ్రాసికొని పోవలెను: రోగి చివరిసారి ఆరోగ్యముగా నుండిన గంట యెంత, అంతకుముందు అతని మెడకు ఎవరైన ఏమైన చేసిరా. ఈ రెండవ ప్రశ్నను రోగిబంధువులు తామై చెప్పరు, అడిగిననే తెలియును.